చిల్లర నాణెం మీద ఊరి దేవుడు

నాణేనికి బొమ్మా బొరుసూ రెండూ ఉంటాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే పందెం వేసి ఎగరేసేటప్పుడు తప్ప ఆ రెండు ముఖాల మీద ఏముందో మనలో చాలామందిమి చూడం. ఎంత విలువో చూసుకుంటాం, చేతులు మార్చేస్తాం. సుమారు 1,800 ఏళ్ల కిందట మాత్రం, ఇప్పుడు టర్కీ, సిరియా, లెబనాన్, గ్రీసు అని పిలుస్తున్న దేశాలలో, వందలాది పట్టణాల పెద్దలు తమ చిల్లర నాణెం మీద ఏ బొమ్మ ఉండాలన్న సంగతిని చాలా పట్టింపుగా చూసుకున్నారు. ఒకవైపు సాధారణంగా రోమన్ చక్రవర్తి తల ఉండేది. ఏలేవాడు ఆయన గనుక అందులో పేచీ లేదు. రెండోవైపు మాత్రం తమ ఊరి గుడి, తమ ఊరి దేవత, తమ కొండ, తమ నది. ఆ ముఖం ఊరి సొంతం.

పెద్ద సామ్రాజ్యం నీడలో ఒక చిన్న ఊరు తన పేరునూ భాషనూ వేలుపునూ ఎలా నిలుపుకుందో ఆ కంచు బిళ్లలు చెబుతాయి. వేరే భాషల నడుమ తరతరాలుగా స్థిరపడి, ఇంట్లో తెలుగునూ పండగనూ కాపాడుకుంటున్న మన కుటుంబాల వారికి ఈ కథ పరాయిదిగా తోచదు.

బంగారం రాజుది, కంచు ఊరిది

రోమన్ రాజ్యంలో బంగారు నాణెం చక్రవర్తి పేరిట మాత్రమే వెలువడేది. వెండి కూడా చాలావరకు అంతే. సైనికుల జీతాలకూ దూరదేశపు వర్తకానికీ అవే వాడేవారు. రొట్టె, నూనె, స్నానశాల రుసుము వంటి నిత్యపు ఖర్చులకు కావలసిన కంచు చిల్లరను మాత్రం తూర్పు రాష్ట్రాలలోని పట్టణాలే అచ్చు వేయించుకునేవి. అగస్టస్ చక్రవర్తి కాలం (క్రీ.పూ. 27 - క్రీ.శ. 14) నుంచి క్రీ.శ. 270 దాటేదాకా, సుమారు మూడు వందల ఏళ్లు ఈ పద్ధతి నడిచింది. ఇలా నాణేలు వేయించుకున్న పట్టణాలు 500కు పైబడి ఉన్నాయి. పడమట స్పెయిన్ వంటి చోట్ల ఇది 1వ శతాబ్దం మధ్యలోనే ఆగిపోయింది. గ్రీకు భాష మాట్లాడే తూర్పు పట్టణాలు మాత్రం పట్టు వదలలేదు.

ఒక ఊరి కంచు పక్క ఊళ్లో కొంతవరకు చెల్లేది, మరీ దూరం పోతే చెల్లేది కాదు. వెండి దెనారియస్‌ను చిల్లరగా మార్చుకోవాలంటే షరాబు దగ్గరికి వెళ్లాలి. వట్టం లేకుండా వాడు మార్చడు గదా! పెర్గమం నగరంలో హేడ్రియన్ చక్రవర్తి (117-138) కాలపు శిలాశాసనం ఒకటి దొరికింది. షరాబులు ఒక దెనారియస్‌కు 18 చిల్లర కాసులు తీసుకుని, దెనారియస్ తెచ్చి చిల్లర అడిగినవారికి 17 మాత్రమే ఇవ్వాలన్నది అక్కడి కట్టడి. మధ్యలో మిగిలే ఒక్క కాసే వారి లాభం. అంతకు మించి వారు జనాన్ని పిండుతున్నారనే ఫిర్యాదు చక్రవర్తి దాకా పోయింది. చిల్లర తిప్పలు మన కాలంలో పుట్టినవి కావన్నమాట.

తయారీ విధానం కూడా తెలుసుకోదగినదే. ముందు కంచు బిళ్లలను పోత పోస్తారు. గట్టి లోహపు దిమ్మెల మీద రెండు ముఖాల బొమ్మలనూ తిరగవేసి చెక్కుతారు. ఒక దిమ్మెను దాగలిలో బిగించి, దాని మీద బిళ్లను ఉంచి, పైన రెండో దిమ్మెను ఆనించి సమ్మెటతో కొడతారు. ప్రతి నాణెం చేతి దెబ్బే గనుక బొమ్మ ఒక్కోసారి పక్కకు జరిగేది. చాలా కాసుల నడిమధ్య చిన్న గుంట కనిపిస్తుంది. బిళ్లను నునుపు చేసేటప్పుడు పడిన గుర్తు అది. ఇంకో తమాషా ఉంది. వేర్వేరు పట్టణాల నాణేల మీద చక్రవర్తి తల ఒకే దిమ్మెతో అచ్చయినట్లు కొన్ని చోట్ల తేలింది. కోన్రాడ్ క్రాఫ్ట్ అనే జర్మన్ పండితుడు 1972లో వెలువడిన తన గ్రంథంలో ఈ సంగతిని విపులంగా చూపించాడు. అంటే, ఒకే పనివాళ్ల బృందం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నాణేలు చేసిపెట్టేదన్నమాట. రాజు ముఖం అందరికీ ఒక్కటే గనుక ఆ దిమ్మెను మళ్లీ మళ్లీ వాడుకున్నారు. దేవుడి ముఖాన్ని మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదిగా విడిగా చెక్కారు.

నాణెం అంచు చుట్టూ ఉండే అక్షరాలలో పట్టణం పేరు షష్ఠీ విభక్తిలో ఉండేది. 'ఎఫెసస్' అని కాదు, 'ఎఫెసీయుల' అని. ఈ కాసు ఫలానా ఊరి జనానిది అని దాని అర్థం. రాజు తలకు వెనకవైపే ఆ మాట ఉంది.

ఎఫెసీయుల అమ్మవారు

ఈ నాణేల మీద ఎక్కువగా కనిపించే దేవతలలో ఎఫెసస్ నగరపు ఆర్టెమిస్ ఒకరు. గ్రీకు శిల్పాలలో ఆర్టెమిస్ అంటే విల్లు పట్టిన వేటకత్తె. ఎఫెసస్‌లో అమ్మవారి రూపమే వేరు. నిటారుగా, కదలని స్తంభంలా నిలబడి, తల మీద పొడవాటి కిరీటం, రొమ్ము మీద వరుసలుగా గుండ్రటి ఆకారాలు, చాచిన రెండు చేతుల నుంచి వేలాడే నూలు దండలు, ఇరువైపులా రెండు జింకలు. ఆ గుండ్రటివి స్తనాలా, పళ్లా, మరేవైనా మొక్కుబడులా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. భక్తులకు ఆ సందేహం ఉండేది కాదేమో.

ఆమె గుడి ప్రాచీన లోకపు ఏడు వింతలలో ఒకటి. నాణెం మీద ఆ గుడిని చూపేటప్పుడు చెక్కేవాడు ఒక ఉపాయం చేసేవాడు. ముందువైపు స్తంభాలు ఎనిమిది ఉన్నా, నడిమి స్తంభాలను పక్కకు జరిపి లేదా తీసేసి, ఆ ఖాళీలో గర్భగుడిలోని మూర్తిని చూపించేవాడు. ఒక కాసు మీద నాలుగు స్తంభాలు, మరో కాసు మీద ఎనిమిది కనిపించేది అందుకే. అతనికి కావలసింది కొలత కాదు, దర్శనం. గుడి ముఖభాగం పైన త్రికోణంలో తలుపుల్లాంటి తెరపులు కూడా కొన్ని కాసుల మీద ఉన్నాయి. పండగనాడు పైనుంచి అమ్మవారి దర్శనం ఇప్పించేవారేమోనని కొందరు పండితుల ఊహ.

బైబిలు చదివినవారికి ఈ ఊరు బాగా తెలుసు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, అమ్మవారి వెండి గుళ్లు చేసి అమ్మే దేమేత్రి అనే కంసాలి తమ వృత్తి పోతుందని పౌలు మీద జనాన్ని రెచ్చగొడతాడు. అల్లరిని చల్లార్చే అధికారి తమ నగరం అర్తెమిదేవి గుడికి సంరక్షకురాలని గుర్తు చేస్తాడు. ఆ పదవికి గ్రీకులో 'నియోకోరోస్' అని పేరు. మొదట్లో దానికి గుడి ఊడ్చే సేవకుడనే అర్థం చెబుతారు. నీరో కాలంలో, క్రీ.శ. 65 ప్రాంతంలో, ఆ మాట ఎఫెసస్ నాణెం మీదికి కూడా ఎక్కింది. గుడి ఊడ్చే పనిని ఒక మహానగరం బిరుదుగా చెప్పుకుంది. స్వామివారి ముంగిట చీపురు పట్టడం గొప్ప సేవ అనే భావన మనకూ కొత్తది కాదు.

మూర్తి లేని దైవం

రోమన్ దేవతలంటే చలువరాతి మనుష్య రూపాలే మనకు గుర్తొస్తాయి. కానీ తూర్పు పట్టణాలలో విగ్రహం లేని దేవుళ్లు చాలామంది ఉన్నారు, వారిని మనకు బాగా చూపించేవి ఈ కాసులే.

సైప్రస్ ద్వీపంలోని పాఫోస్‌లో అఫ్రొడైటీ గుడి ప్రసిద్ధమైనది. ఆమె అందానికి అధిదేవత అయినా, గుడిలో ఉన్నది అందమైన స్త్రీమూర్తి కాదు. అడుగున వెడల్పుగా, పైకి పోను పోను సన్నబడే రాయి. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ దీన్ని ప్రస్తావించి, కారణం తెలియదని ఊరుకున్నాడు. నాణేల మీద మూడు భాగాల మందిరం, నడుమ ఆ రాయి, ముందు అర్ధచంద్రాకారపు ప్రాంగణం కనిపిస్తాయి. ఆ స్థలంలో దొరికిన నల్లటి పెద్ద రాయిని ఇప్పుడు కూక్లియా అనే ఊరి మ్యూజియంలో చూడవచ్చు.

సిరియాలోని ఎమెసా, అంటే నేటి హోంస్ నగరంలో, ఎలగబాల్ అనే సూర్యదేవుడి రూపం కూడా నల్లటి కోనవంటి రాయే. ఆకాశం నుంచి పడిందని దాని స్థలపురాణం. క్రీ.శ. 218లో ఆ గుడి అర్చక వంశపు కుర్రవాడు సుమారు 14 ఏళ్ల వయసులో రోమన్ చక్రవర్తి అయ్యాడు. దేవుడి పేరే అతనికీ స్థిరపడింది. ఆ రాయిని రథం మీద రోమ్‌కు తరలించి, జూపిటర్ కంటే మిన్నగా నిలిపాడు. 222లో అతడిని చంపేశాక దేవుడు తిరిగి ఊరు చేరాడు. 253-254 నాటి ఎమెసా కాసుల మీద గుడిలో ఆ రాయి, దానికి వస్త్రాలంకారం, ఇరుపక్కలా రెండు గొడుగులు కనిపిస్తాయి. రాతికి బట్ట కట్టి గొడుగు పట్టిన ఆ దృశ్యం చూస్తే మన వారికి అరసవల్లో, శ్రీశైలమో గుర్తుకు వస్తే తప్పు లేదు. అయితే పోలికను బట్టి సంబంధం అంటగట్టడం మాత్రం తొందరపాటే. మనిషి దైవాన్ని రాతిలో చూసుకోవడం అన్నది చాలా దేశాలలో ఎవరికి వారుగా జరిగింది.

కొండనే దేవుడన్న ఊరు కూడా ఉంది. కప్పడోకియా రాజధాని సిజేరియాకు, అంటే నేటి టర్కీలోని కైసేరికి, ఎదురుగా సుమారు 3,900 మీటర్ల ఎత్తున, తల మీద మంచుతో, అర్గయస్ అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. ఆ ఊరి నాణేల మీద వందలాది రకాలుగా ఆ కొండే కనిపిస్తుంది. ఒకచోట శిఖరం మీద నక్షత్రం, ఒకచోట దేవతామూర్తి, మరోచోట ఏకంగా కొండనే తెచ్చి బలిపీఠం మీదో, గుడిలోనో పెట్టారు. అరుణాచలాన్ని కొండగా కాక లింగంగానే చూసే మనవారికి ఈ బొమ్మ వివరించి చెప్పనక్కరలేదు.

కోట గోడలు కిరీటంగా

ప్రతి పట్టణానికీ ఒక ఊరి దేవత ఉండేది. గ్రీకులో ఆమెకు 'టీకే' అని పేరు, అదృష్టమని అర్థం. ఆమె కిరీటం చూడగానే గుర్తుపట్టవచ్చు. బురుజులతో సహా ఊరి కోటగోడే ఆమె తల మీది కిరీటం.

క్రీ.పూ. 300లో కట్టిన ఆంటియోక్ నగరానికి యూటికిడెస్ అనే శిల్పి చేసిన దేవతామూర్తి అన్నిటికీ ఒరవడి అయింది. దేవత కొండరాతి మీద కూర్చుని ఉంటుంది. పాదాల కింద ఒరాంటెస్ నది ఈత కొడుతున్న యువకుడి రూపంలో నీళ్ల నుంచి పైకి లేస్తుంటుంది. కొండ, నది, కోట, ఊరు అన్నీ ఒక్క బొమ్మలో ఇమిడిపోయాయి. తర్వాత టార్సస్, సమోసాటా, ఎడెస్సా వంటి ఎన్నో పట్టణాలు అదే భంగిమను తీసుకున్నాయి. దేవత మారలేదు, కాళ్ల దగ్గరి నది మాత్రం ఏ ఊరికి ఆ ఊరిదే. మన ఊళ్లలో పోలేరమ్మ, గంగమ్మ, మారెమ్మ అని పేరు మారినా పొలిమేర కాచే తల్లి ఒక్కరే అయినట్లు!

పరవాసుల కథ ఊరి కథ అయింది

వీటన్నిటిలో మన పాఠకులు ప్రత్యేకంగా చూడవలసిన కాసు ఒకటుంది. ఇప్పటి టర్కీలో దినార్ అని పిలిచే చోట ఆనాడు అపమేయ అనే వర్తక కేంద్రం ఉండేది. ఆ ఊరికి 'కిబోతోస్' అని మారుపేరు. ఆ మాటకు పెట్టె అని అర్థం.

సెప్టిమియస్ సెవెరస్ (193-211) కాలంలో మొదలై, తర్వాత మాక్రినస్, మూడవ గోర్డియన్, ఫిలిప్ చక్రవర్తుల కాలంలో కూడా అక్కడ ఒక పెద్ద కంచు నాణెం వేశారు. వెనకటి మన వెండి రూపాయికి సమానమో, అంతకంటే పెద్దదో ఉంటుంది. దాని మీద రెండు దృశ్యాలు ఒకే చట్రంలో ఉన్నాయి. కుడివైపు నీటి మీద తేలే పెట్టె. మూత తెరుచుకుని ఉంది. లోపల ఒక పురుషుడు, ఒక స్త్రీ. మూత మీద ఒక పక్షి వాలి ఉంది. మరో పక్షి కాళ్లతో కొమ్మను పట్టుకుని ఎగిరి వస్తోంది. ఎడమవైపు అదే దంపతులు నేల మీద నిలబడి, చేతులెత్తి నమస్కరిస్తున్నారు. ఇదెవరి కథో అనుమానం రాకుండా పెట్టె మీద గ్రీకులో మూడక్షరాలు చెక్కారు: 'నోయె'. అంటే, బైబిలులోని నోవహు!

గ్రీకు దేవతలను కొలిచే ఊరి నాణెం మీదికి యూదుల గ్రంథంలోని మహాపురుషుడు ఎలా వచ్చాడు? క్రీ.పూ. 3వ శతాబ్దం చివర మూడవ ఆంటియోకస్ రాజు మెసపొటేమియా నుంచి రెండు వేల యూదు కుటుంబాలను లిడియా, ఫ్రిజియా ప్రాంతాలకు తరలించి, భూములిచ్చి స్థిరపరిచాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీ.పూ. 62లో, జెరూసలేం గుడికి పంపడానికి అక్కడివారు కూడబెట్టిన సుమారు వంద పౌన్ల బంగారాన్ని ఫ్లాకస్ అనే రోమన్ అధికారి అపమేయలో జప్తు చేశాడు. ఆ కేసులో ఫ్లాకస్ తరఫున వాదించినవాడు సుప్రసిద్ధ వక్త సిసిరో. అంటే అప్పటికే అక్కడ పరవాస యూదులు బలమైన సంఘంగా ఉన్నారని తేలుతోంది.

వారి గ్రంథపు గ్రీకు అనువాదంలో నోవహు ఓడకు వాడిన పదం కూడా 'కిబోతోస్' అనే. ఊరి మారుపేరూ, వలసవచ్చిన వారి కథలోని ఓడా ఒకే మాట అయ్యాయి. ప్రళయం తగ్గాక ఆ పెట్టె తమ కొండల మీదే ఆగిందని అక్కడ ఒక ఐతిహ్యం స్థిరపడింది. పరవాసుల కథను స్థానికులు తమ కథగా స్వీకరించారు. ఆ కథ ఇంట్లో పిల్లలకు చెప్పుకునేదిగా మిగిలిపోకుండా, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఊరి నాణెం మీదికి ఎక్కింది.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ యూదు కుటుంబాలు తమ కథను దాచుకోలేదు, ఊరిని కాదనుకోలేదు. అక్కడి భాషైన గ్రీకులోనే దాన్ని చెప్పారు. చెప్పారు గనుకనే ఊరు విన్నది. మన మత్స్యావతార కథలో సత్యవ్రతుడి నావ తెలిసిన పిల్లలకు ఈ నాణెం బొమ్మ చూపించి కథ చెప్పి చూడండి. ఎన్ని ప్రశ్నలు వేస్తారో!

పాము దేవుడు, రాశి చక్రం

అన్ని బొమ్మలూ పురాతన దైవాలవే కావు. నల్ల సముద్రపు ఒడ్డున అబోనొటైకోస్ అనే చిన్న రేవులో, 2వ శతాబ్దం మధ్యలో, అలెగ్జాండర్ అనే వ్యక్తి గ్లైకాన్ అనే పాము దేవుణ్ణి ప్రతిష్ఠించాడు. దేవుడు ప్రశ్నలకు జవాబులు చెప్పేవాడు, జనం విరగబడి వచ్చేవారు. అదంతా బూటకమని, పాముకు గుడ్డతో చేసిన మనిషి తల తగిలించారని లూసియన్ అనే వ్యంగ్య రచయిత ఎండగట్టాడు. అయినా ఆంటోనినస్ పయస్ (138-161) కాలం నుంచే ఊరి నాణెం మీద చుట్టలు చుట్టుకున్న పాము, దాని పేరు కనిపిస్తాయి. ఊరి పేరు కూడా అయోనొపొలిస్‌గా మారింది. నేటి ఇనెబోలు అనే పేరు దాని నుంచి వచ్చిందే. లూసియన్ ఎద్దేవా చేసిన చాలా ఏళ్లకు కూడా గ్లైకాన్ నాణేలు ఆగలేదు. 1962లో రుమేనియాలోని కాన్‌స్టాంట్సాలో గ్లైకాన్ చలువరాతి విగ్రహం ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. మృగం ముఖం, మనిషి జుట్టు, చెవులు. రచయిత చెప్పిన రూపం, కాసు మీది రూపం, రాతి రూపం మూడూ కలిశాయి.

ఇక ఈజిప్టు. అక్కడ ఊరూరా టంకశాలలు లేవు, దేశమంతటికీ అలెగ్జాండ్రియా ఒక్కటే. ఆంటోనినస్ పయస్ ఎనిమిదో ఏట, అంటే 144-145లో, ఆ టంకశాల ఒక వింత వరుస వెలువరించింది. ఒక్కో కంచు కాసు మీద ఒక గ్రహం, దాని సొంత రాశి. సింహంతో సూర్యుడు, కర్కాటకంతో చంద్రుడు, మేష వృశ్చికాలతో కుజుడు, ధనుర్మీనాలతో గురుడు, మకర కుంభాలతో శని. మన పంచాంగంలో రాశ్యధిపతుల పట్టిక తీసి చూడండి, అదే! ఇది కేవలం పోలిక కాదు, నిజమైన చుట్టరికం. గ్రీకుల జాతక విద్య ఆ కాలంలోనే మన దేశానికి వచ్చింది. 'యవనజాతకం' అనే సంస్కృత గ్రంథం పేరులోనే ఆ సంగతి ఉంది. మనం జాతకాల్లో వాడే హోర, కేంద్రం, ద్రేక్కాణం అనే మాటలు గ్రీకు నుంచి వచ్చినవే.

ఊళ్ల మధ్య పోటీ, పొత్తు

ఈ పట్టణాల మధ్య బిరుదుల పోటీ విపరీతంగా ఉండేది. ఎఫెసస్, స్మిర్నా, పెర్గమం మూడూ తామే ఆసియా రాష్ట్రంలో మొదటి నగరమని కాసుల మీదా శాసనాల మీదా చాటుకున్నాయి. ఉత్తరాలలో ఒకరి బిరుదులు మరొకరు సరిగా రాయలేదని తగవులు పడితే, ఆంటోనినస్ పయస్ చక్రవర్తే కలగజేసుకుని జాబు రాయవలసి వచ్చింది. డయో క్రిసోస్తం అనే వక్త, నికోమీడియా, నికేయా పట్టణాలను ఉద్దేశించి, వట్టి పేరు కోసం కొట్టుకుంటూ రోమన్లకు నవ్వులపాలవుతున్నారని మందలించాడు. మన సంఘాలలో వేదిక మీద కుర్చీల కోసం పడే తగవులు చూసినవారికి ఇది నవ్వు తెప్పిస్తుంది, కొంచెం సిగ్గు కూడా.

రాజీ పడినప్పుడు ఆ సంగతి కూడా నాణెం మీదే చెప్పుకున్నారు. 'హొమొనోయా' అంటే ఐకమత్యం. అటువంటి కాసుల మీద రెండు ఊళ్ల దేవతలు పక్కపక్కన నిలబడతారు. ఎఫెసస్ ఆర్టెమిస్, పెర్గమం వైద్యదేవుడు అస్క్లేపియస్, స్మిర్నా నెమెసిస్‌లు ఒకే కాసు మీద కలిసిన సందర్భాలున్నాయి. మూడవ గోర్డియన్ (238-244) కాలంలో ఎఫెసస్, సముద్రం అవతలి అలెగ్జాండ్రియాతో స్నేహాన్ని కాసు మీద ప్రకటించుకుంది. మనుషులు చేతులు కలపడానికి ముందు దేవుళ్లను పక్కపక్కన నిలబెట్టారు.

పోయిన విగ్రహాలకు సాక్ష్యం

ఆ గుళ్లలో చాలావరకు ఇప్పుడు లేవు. ప్రాక్సిటెలెస్ చెక్కిన క్నిడోస్ అఫ్రొడైటీ, ఒలింపియాలో ఫిడియస్ చేసిన బంగారు, దంతపు జ్యూస్ ఎప్పుడో నాశనమయ్యాయి. క్నిడోస్ దేవత ఎలా నిలబడి ఉండేదో కారకల్లా కాలపు కాసును బట్టి పోల్చుకున్నారు. జ్యూస్ ఎలా కూర్చున్నాడో హేడ్రియన్ కాలపు ఈలిస్ కాసులు చెబుతాయి. ఇమ్‌హూఫ్-బ్లూమర్, పెర్సీ గార్డ్‌నర్ అనే ఇద్దరు పండితులు 1880లలో, 2వ శతాబ్దపు యాత్రికుడు పాసనియస్ చూసి రాసిన విగ్రహాలను ఒక్కొక్కటిగా కాసుల మీది బొమ్మలతో సరిపోల్చి పుస్తకం వెలువరించారు. రాతి మందిరాలు కూలిపోయాయి. చేతులు మారి అరిగిన చిల్లర మిగిలింది. 1992లో బ్రిటిష్ మ్యూజియం, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం కలిసి ఈ నాణేలన్నిటి సమగ్ర సూచికలో మొదటి సంపుటం తెచ్చాయి. ఆ పని ఇంకా సాగుతోంది. ఇప్పుడు చాలా భాగం ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

ఊరి కాసు ఎందుకు ఆగింది?

ఏ రాజూ ఫర్మానా ఇచ్చి ఈ కాసులను ఆపినట్లు లేదు. ధరలు వాటిని మింగేశాయి. 3వ శతాబ్దంలో యుద్ధాల ఖర్చు పెరిగి, చక్రవర్తులు వెండి నాణెంలో వెండి తగ్గిస్తూ పోయారు. గాలియెనస్ (253-268) చివరి రోజులకు అది పేరుకు మాత్రమే వెండి. రాజు నాణెమే రాగి బిళ్ల అయిపోతే, ఊరి కంచు కాసుకు విలువ ఎక్కడిది? కొన్నాళ్లు పాత కాసుల మీద కొత్త విలువ ముద్రలు కొట్టి నెట్టుకొచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్క టంకశాలా మూతపడింది. పాంఫీలియాలోని పెర్గే 275-276 దాకా నిలిచింది. అలెగ్జాండ్రియా 296 ప్రాంతం దాకా. అటు తర్వాత రాజ్యమంతటా ఒకే రకం నాణెం, దాని మీద లాటిన్ అక్షరాలు. ఎఫెసీయుల, అపమేయుల అన్న మాటలు కాసు మీద మళ్లీ కనిపించలేదు.

మన నేలకు వచ్చినవి, రానివి

మన తీరానికి వచ్చిన ఆ కాలపు రోమన్ నాణేలు చాలావరకు చక్రవర్తుల బంగారం, వెండి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో, నాగార్జునకొండలో, చిత్రదుర్గ దగ్గరి చంద్రవల్లిలో, బెంగళూరు యశ్వంతపురంలో, కోయంబత్తూరు చుట్టుపక్కల అవి దొరికాయి. మిరియాలకూ సన్న బట్టకూ బదులుగా వచ్చిన సొమ్ము అది. ఊరి కంచు ఊళ్లోనే ఉండిపోయింది. రాజు పేరు సముద్రం దాటింది, అమ్మవారి పేరు దాటలేదు. అదే కాలంలో శాతవాహనులు కూడా నిత్యపు చిల్లరను సీసంతో వేశారు. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న ఆ సీసపు కాసులు కోస్తాలో దొరికాయి. దేవుణ్ణి నాణెం మీద నిలిపే సంప్రదాయం తర్వాత విజయనగర వరహాల మీద ఉమామహేశ్వరులుగా, బాలకృష్ణుడుగా, వేంకటేశ్వరుడుగా వెలిగింది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. నాణెం విలువ దాని లోహంలో కన్నా, అది ఎక్కడ, ఏ మట్టిలో, దేనితో కలిసి దొరికిందన్న సమాచారంలో ఎక్కువ ఉంది. సిరియాలో కూడా అపమేయ పేరుతో మరో ప్రాచీన నగరం ఉంది. 2011లో మొదలైన అంతర్యుద్ధంలో దొంగ తవ్వకాలతో ఆ నేలంతా గుంతలమయం అయింది. అంగడికి చేరిన కాసులు ఏ గుడి దగ్గరివో, ఏ ఇంటివో ఇక ఎవరూ చెప్పలేరు.

అదే పని మనం ఇంట్లో తెలియకుండా చేయకూడదు. తాతల నాటి రాగి, కంచు నాణేలు పెట్టెలో ఉంటే, మెరుస్తాయని చింతపండు పెట్టి తోమకండి. పైన పట్టిన ఆకుపచ్చ, గోధుమ పొరే వాటిని కాపాడుతుంది. అది పోతే సన్నని అక్షరాలు, దేవత ముఖం దానితో పాటే పోతాయి. పొడి కాగితపు పొట్లంలో ఉంచి, అవి ఎవరి నుంచి వచ్చాయో, ఏ ఊరివో ఒక చీటీ మీద రాసి జత చేయండి. పొలంలోనో, ఇంటి పునాదిలోనో పాత నాణేలు దొరికితే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

అపమేయవారి కాసు వేసినవాడి పేరు మనకు అక్కరలేదు. పెట్టె మీద ఆ మూడక్షరాలు చెక్కబట్టి మాత్రమే ఈనాడు ఆ కథ ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలుగుతున్నాం. మీ పెట్టెలో పెట్టే చీటీ మీద కూడా నాలుగు మాటలు రాయండి. తెలుగులో రాయండి.